వద్దనేవాడే తోడు!

ఇద్దరు మిత్రులు, రెండు సంచులు, చుట్టూ నీళ్లు, నడుమ ఇసుక... దీవి సరదా కోసం థాయిలాండ్ దాకా వెళ్లక్కర్లేదు. బూర్గంపాడులో బస్సెక్కినా చాలు. కాకపోతే ఆ సరదాకి కొన్ని లెక్కలున్నాయి. అవి తెలిసి వెళ్లాలి.

నలుగురు కుర్రాళ్లు ఒక గదిలో చేరితే పుట్టే మొదటి ఆలోచన గోవా. రెండోది థాయిలాండ్. వెంటనే ఫోన్లో ఒక గ్రూపు పెడతారు. దానికో పేరు పెడతారు. తేదీలు అనుకుంటారు. ఇక అక్కడినుంచి మొదలవుతుంది... ఒకడికి సెలవు దొరకదు. ఇంకొకడికి ఇంట్లో ఒప్పుకోరు. మరొకడు సరిగ్గా అదే వారం చెల్లెలి నిశ్చితార్థం అంటాడు. పదిమంది అనుకున్నది ఆరుగురై, నలుగురై, చివరికి ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరే చెరో సంచీ వీపున తగిలించుకుని బయల్దేరతారు. నిజం చెప్పాలంటే, కుర్రాళ్ల ప్రయాణాల్లో చాలాభాగం ఇలా మిగిలిపోయిన ఇద్దరివే!

అలా మిగలడం మంచిదే. ఇద్దరికి ఒక గది చాలు. ఒక ఆటో చాలు. హోటల్లో ఒక బిర్యానీ చెప్పి సగం సగం తినొచ్చు. ఎటు వెళ్లాలో తేల్చడానికి ఓటింగ్ అక్కర్లేదు. అయితే ఇద్దరే ఉన్నప్పుడు ఒక చిక్కు కూడా ఉంది. పదిమందిలో ఒకడికి ఏదైనా అయితే చూసుకోడానికి తొమ్మిది మంది ఉంటారు. ఇద్దరిలో ఒకడికైతే ఉండేది ఒక్కడే. ఇల్లు, వాకిలి, అమ్మ, నాన్న, డాక్టరు, పోలీసు... అన్నీ ఆ పక్కవాడే. పిల్లల్ని పంపే ఇంటివాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా అందుకే "ఎక్కడికి?" ఒక్కటే కాదు, "ఎవరితో?" అన్నది కూడా.

పున్నమికి పోటెత్తే దీవులు

అసలు దీవి అంటే అంత మోజెందుకు? ఒడ్డు దాటితే మనల్ని ఎరిగినవాళ్లు ఉండరు. 'ఫలానావారి అబ్బాయి' అనేవాళ్లుండరు. పొద్దున్నే లేపేవాళ్లుండరు. చుట్టూ నీళ్లుంటే లోకం తెగిపోయినట్టుంటుంది. ఆ రెండు రోజులూ లెక్కలోకి రావు అనిపిస్తుంది.

ఈ మోజు మీద బతికే దీవులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. థాయిలాండ్‌లోని కో ఫంగన్ దీవిలో హాద్ రిన్ అనే తీరం ఉంది. 1980లలో వీపున సంచీలతో వచ్చిన కొద్దిమంది యాత్రికులు వెన్నెల్లో చేసుకున్న చిన్న విందు పెరిగి పెరిగి, నెలనెలా వేలమంది చేరే 'ఫుల్ మూన్ పార్టీ' అయింది. తెల్లవార్లూ పాటలు, ఒంటికి మెరిసే రంగులు, చిన్న చిన్న బకెట్లలో పోసి అమ్మే మద్యం, నిప్పంటించిన తాడుతో తాడాట! ఆ పున్నమి బౌద్ధుల పర్వదినంతో కలిస్తే మాత్రం పార్టీని ఒకరోజు జరుపుతారు. ఎంత ఆడినా ఆ ఊరివాళ్ల పండగ ముందు, అతిథుల పండగ తర్వాత అన్నమాట.

అన్నిచోట్లా ఆ మర్యాద నిలవలేదు. ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ కూడా అలాంటి సందడి దీవే. తెల్లటి ఇసుక, వరసగా హోటళ్లు, రాత్రంతా జాతర. హోటళ్ల మురుగు సముద్రంలోకే పోతోందని తేలాక 2018 ఏప్రిల్ 26న ప్రభుత్వం ఏకంగా దీవినే మూసేసింది. ఆరు నెలలు పర్యాటకులకు తలుపులు వేసి, శుభ్రం చేసి, అక్టోబరు 26న మళ్లీ తెరిచింది. తెరిచాక ఇసుక మీద తాగడాన్ని, పార్టీలు పెట్టుకోవడాన్ని నిషేధించింది. 2000లో వచ్చిన 'ద బీచ్' అనే హాలీవుడ్ సినిమాతో పేరుకెక్కిన థాయిలాండ్ మాయా తీరానిదీ అదే కథ. రోజుకి వేలమంది దిగడంతో నీళ్ల అడుగున పగడపు దిబ్బలు చచ్చిపోయాయి. 2018 జూన్‌లో మూసినదాన్ని 2022 జనవరిలోగానీ తెరవలేదు.

అదే 2018 జులై 5న ఫుకెట్ దగ్గర సముద్రంలో ఫీనిక్స్ అనే పర్యాటకుల పడవ తుపాను గాలికి మునిగింది. 47 మంది చనిపోయారు. వాళ్లంతా సెలవు మీద సరదాగా వచ్చిన చైనా వాళ్లే.

సందడి దీవి అనగానే గుర్తుంచుకోవాల్సినవి రెండు. ఒకటి, ఆ దీవి ఎవరిదో. రెండు, దాని చుట్టూ ఉన్న నీరు ఎలాంటిదో. సరిగ్గా ఈ రెండు సంగతులూ మన గోదావరి మీదా వర్తిస్తాయి.

బూర్గంపాడు నుంచి లంకకి

సముద్రం లేని ఊళ్లో దీవేమిటి అనకండి. గోదావరి తీరంలో పుట్టినవాళ్లకి దీవి కొత్త కాదు. వాళ్ల మాటలో అది లంక. ఇంకా చిన్నదైతే ఇసుక తిన్నె. వానాకాలంలో మాయమై, వరద తగ్గాక మళ్లీ తేలే దీవి అది. ఏడాదిలో కొన్ని నెలలే దానికి ఆయుష్షు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో బూర్గంపాడు అలాంటి ఊరే. అడవిలోంచి వచ్చే కిన్నెరసాని గోదావరిలో కలిసేది ఈ ఊరి దగ్గరే. కాస్త దూరంలో సారపాక, అక్కడి కాగితం మిల్లు. 1965లో ప్రారంభమైన వంతెన దాటితే భద్రాచలం రాముడు. వంతెన దాటకుండా ఇవతలి ఒడ్డునే పోతే కుక్కునూరు, వేలేరుపాడు. ఆపైన కోయిదా. అది దాటాక నది ఒడ్డునున్న ఊళ్లకి పడవే దారి.

ఇక్కడి నుంచి ఇద్దరు మిత్రులు సంచీలతో బయల్దేరారనుకుందాం. భద్రాచలంలో పొద్దున్నే దర్శనం చేసుకుని, కూనవరం మీదుగా వరరామచంద్రపురం మండలంలోని పోచవరం రేవుకు చేరాలి. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. పోచవరంలో లాంచీ ఎక్కితే అసలు ప్రయాణం మొదలు. ముందు విశాలంగా ఉన్న నది కొండలు దగ్గరైన కొద్దీ సన్నబడుతుంది. రెండు పక్కలా పచ్చటి కొండలు, నడుమ నీటి గీత. పాపిట తీసినట్టుంటుంది కాబట్టే పాపికొండలు అయ్యాయంటారు. ఇక్కడి అడవిని 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 1012 చదరపు కిలోమీటర్ల అడవి!

ఈ దారిని తెలుగువాళ్లు ముందు సినిమాలో చూసి, తర్వాత కళ్లతో చూశారు. 1973లో బాపు తీసిన 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి'... రెండూ లాంచీ మీద భద్రాచలం ప్రయాణాలే. 'గోదావరి' వచ్చాక పడుచువాళ్ల రాక మరీ పెరిగింది. కొల్లూరు దగ్గర ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెలు వేసి రాత్రి బస ఏర్పాటు చేయడంతో ఆ ప్రయాణానికి ఒక 'దీవి' కూడా దొరికింది.

ఆ రాత్రి ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. పొద్దుగూకేసరికి కొండల నీడ నది మీద పడుతుంది. లాంచీలు వెళ్లిపోతాయి. సిగ్నల్ ఉండదు. ఇసుక మీద మంట వేస్తారు. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. బొంగు చీలిస్తే ఘుమఘుమలు. పగలంతా కాలిన ఇసుక మెల్లగా చల్లబడుతుంది. వెల్లకిలా పడుకుంటే నక్షత్రాలు. అప్పటిదాకా జోకులేసుకున్న ఇద్దరూ ఉద్యోగం గురించో, ఇంట్లో అప్పు గురించో, చెప్పలేకపోయిన ప్రేమ గురించో మాట్లాడుకుంటారు. ఏ పార్టీ దీవికి వెళ్లినా చివరికి జ్ఞాపకం ఉండేది డీజే పాట కాదు, ఆ మాటలే.

వాళ్ల వాకిట్లో మన సందడి

అయితే ఆ ఇసుక ఖాళీ స్థలం కాదు. ఎవరో వేసిన స్టేజీ అంతకన్నా కాదు. అది కొండరెడ్ల ఊళ్ల వాకిలి.

పాపికొండలకి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు బైసన్ హిల్స్, అంటే అడవిదున్నల కొండలు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లలో ఈ కొండల్లో ఉండి, కొండరెడ్ల జీవితాన్ని దగ్గరగా చూసి పుస్తకం రాశారు. అది 1945లో అచ్చయింది. పోడు కొట్టి జొన్నలు, చిరుధాన్యాలు చల్లుకోవడం, అడవిలో దుంపలు తవ్వుకోవడం, జీలుగు చెట్టు నుంచి కల్లు తీసుకోవడం, వెదురు నరికి వ్యాపారుల కోసం నది ఒడ్డుకి చేర్చడం వాళ్ల బతుకు. మనం ఫోటో తీసుకునే కొండలు వాళ్లకి చేలు. మనం మంట వేసుకునే ఒడ్డు వాళ్లకి రేవు.

కుడి ఒడ్డున పేరంటాలపల్లిలో లాంచీలు ఆగుతాయి. బాలానందస్వామి నెలకొల్పిన శ్రీరామకృష్ణ మునివాటం, శివాలయం అక్కడున్నాయి. అక్కడ పాటించాల్సింది మౌనం. లాంచీలో అప్పటిదాకా మోగిన పాట ఆగిపోయి, మెట్లెక్కేసరికి చెవుల్లో నిశ్శబ్దం హోరెత్తుతుంది. కింద రేవులో కొండరెడ్డి ఆడవాళ్లు వెదురుతో అల్లిన పూలు, బుట్టలు అమ్ముతుంటారు. ఆ వెదురు పువ్వు దగ్గర పదిరూపాయల కోసం బేరమాడేవాళ్లే, హోటల్లో వెయిటర్‌కి యాభై టిప్పు ఇచ్చి వస్తారు!

సందడి ఇక్కడివాళ్లకి కొత్త అని కూడా అనుకోవద్దు. భద్రాచలం ఏజెన్సీలో కోయల కొమ్ము నృత్యం చూసినవాళ్లకి ఆ సంగతి తెలుసు. మగవాళ్లు తలకి దున్నకొమ్ములు, నెమలిఈకలు కట్టుకుని పెద్ద పెద్ద డోళ్లు వాయిస్తుంటే, ఆడవాళ్లు చేతులు కలిపి రేల పాటకి అడుగులేస్తారు. పండగంటే ఊరంతా ఆడటమే. చూసేవాడు వేరు, ఆడేవాడు వేరు అని ఉండదు. టూరిస్టుల క్యాంపుఫైరుకి పిలిచినప్పుడు మాత్రం అదే ఆట తలకిందులవుతుంది. పదిమంది ఆడతారు, ముప్ఫైమంది ఫోన్లు ఎత్తి నిలబడతారు. ఆ ఫోన్లు జేబులో పెట్టి, "మాకూ ఓ అడుగు నేర్పండమ్మా" అని అడిగి చూడండి. ఆ రాత్రి వేరుగా ఉంటుంది.

అంగుళం అంగుళం లెక్కపెట్టే నది

ఇక రెండో సంగతి... నీరు.

బూర్గంపాడు పిల్లలు ఎక్కాలతో పాటు మూడు అంకెలు నేర్చుకుంటారు. 43, 48, 53. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 దాటితే రెండోది. 53 దాటితే మూడోది. 1986లో నది 75.6 అడుగులకెక్కింది. ఇప్పటికీ రికార్డు అదే. 2022 జులై 16న 71.3 అడుగులు! వంతెన మీద రాకపోకలు ఆపేశారు. బూర్గంపాడు, సారపాక వైపు ఇళ్లలోకి నీరొచ్చింది. జనం పిల్లల్ని, మంచాల్ని, మేకల్ని తీసుకుని మెరకకి పరుగెత్తారు. ఇక్కడివాళ్లు నదిని చూసి మురిసిపోతారు, మొక్కుతారు. కానీ చనువు మాత్రం తీసుకోరు.

ఆ చనువు తీసుకున్నప్పుడేమవుతుందో 2019 సెప్టెంబరు 15 ఆదివారం చెప్పింది. గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకి బయల్దేరిన 'రాయల్ వశిష్ఠ పున్నమి' అనే పడవ కచ్చులూరు దగ్గర బోల్తాపడింది. అప్పుడు గోదావరి వరదలో ఉంది. పడవలో 77 మంది. బతికి బయటపడ్డది 26 మంది. వాళ్లని కాపాడింది ఒడ్డునున్న ఊళ్ల గిరిజనులే. పడవ తిరగబడటం చూసి చిన్న చిన్న నాటుపడవల్లో ఎదురెళ్లి, నీళ్లలో కొట్టుకుపోతున్నవాళ్లని లాగారు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి 14 మంది కలిసి వచ్చారు. తిరిగి వెళ్లింది అయిదుగురే. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు వేసి, తాళ్లు తెంచుకుని, మళ్లీ వేసి, 38వ రోజున, అంటే అక్టోబరు 22న పడవని ఒడ్డుకి లాగింది.

అంతకుముందు ఏడాదే, 2018 మే 15న, మంటూరు దగ్గర గాలివానకి లాంచీ మునిగింది. అందులో ఉన్నవాళ్లు టూరిస్టులు కాదు. పనులు చూసుకుని ఇళ్లకి తిరిగి వెళుతున్న ఆ కొండల గిరిజనులు. మనకి ఏడాదికోసారి సరదా అయిన ప్రయాణం వాళ్లకి రోజూ తప్పని ప్రయాణం.

కచ్చులూరు తర్వాత విహారం ఆగిపోయింది. పడవల తనిఖీ, కంట్రోల్ రూములు, అనుమతులు అన్నీ కొత్తగా ఏర్పాటుచేసి 2021 చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. నిబంధనలు కాగితం మీద పెట్టేది అధికారులు. పడవలో వాటిని నిలబెట్టేది మాత్రం ఎక్కినవాళ్లే. ఎండకి ఉక్కపోస్తోందని లైఫ్ జాకెట్ విప్పి సీటు కింద పెట్టేది, సెల్ఫీ కోసం అందరూ ఒకే పక్కకి ఒరిగేది మనమే కదా! పడవ నిలకడ అడుగున ఉన్న బరువు మీద ఆధారపడుతుంది. జనమంతా పై అంతస్తుకెక్కి గంతులేస్తే బరువు పైకి పోతుంది. చిన్న సుడి తగిలినా, గాలి విసిరినా ఊగడం ఎక్కువవుతుంది. దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. నెత్తిన బిందె పెట్టుకుని నడిచిన ఏ అమ్మనడిగినా చెబుతుంది.

దూకడం స్నేహం కాదు

ఇసుక తిన్నె దగ్గర నీళ్లు మోకాలి లోతే ఉన్నట్టుంటాయి. అక్కడే మోసం. ప్రవాహం ఇసుకని ఒకచోట పేరుస్తుంది, పక్కనే తవ్వేస్తుంది. నిన్న మోకాలి లోతున్నచోట ఇవాళ మనిషి లోతుండొచ్చు. నాలుగడుగులు బాగానే వేసి, అయిదో అడుగు గాల్లో వేసినట్టవుతుంది. ఈత వచ్చినవాడిక్కూడా కాళ్ల కింద ఇసుక జారుతుంటే కంగారు పుడుతుంది. అప్పటికే రెండు పెగ్గులు పడి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

పేపర్లో తరచూ చదివే వార్త ఒకటుంది. 'స్నానానికి దిగిన యువకుడు... కాపాడబోయి స్నేహితుడు కూడా...' ఆ రెండో పేరు చదివినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. వాడు పారిపోలేదు. ఆలోచించకుండా దూకాడు. కానీ మునుగుతున్నవాడు చేతికి దొరికినదాన్ని పట్టుకుని కిందికి నొక్కేస్తాడు. అది వాడి తప్పు కాదు, శ్వాస కోసం ఒళ్లు చేసే పోరాటం. ఆ పట్టు విడిపించుకోవడం శిక్షణ లేనివాడి వల్ల కాదు. ఒక చావు రెండవుతుంది. రెండిళ్లలో దీపాలారిపోతాయి.

మరేం చేయాలి? గట్టిగా అరవాలి. పడవవాళ్లని, ఊరివాళ్లని పిలవాలి. ఒడ్డునే బోర్లా పడుకుని వెదురుగడో, లుంగీయో, తువ్వాలో అందించాలి. అందనంత దూరంలో ఉంటే తేలేది ఏదైనా విసరాలి. లైఫ్ జాకెట్, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్, తాడు కట్టిన సంచీ... ఏదైనా సరే. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం వద్దు. ఊపిరి ఉందో లేదో చూసి, లేకపోతే వెంటనే నోటితో శ్వాస ఇస్తూ, ఛాతీ నడుమ నొక్కుతూ ఉండాలి. మరొకరు 108కి ఫోన్ చేయాలి. ఇవి నేర్చుకోవడానికి ఒక పూట చాలు. థాయిలాండ్ వీసా వివరాలు వెతకడానికి పట్టే టైములో సగం!

అసలు అంతదాకా రానివ్వకుండా చూసేది ఇంకా మంచి స్నేహం. "ఒరేయ్, ఇక చాల్లే", "జాకెట్ విప్పకురా", "చీకట్లో నీళ్లలోకి వద్దురా"... ఈ మాటలు అనడం తేలిక కాదు. అన్నవాడు పిరికివాడవుతాడు. 'మూడ్ పాడుచేశాడు' అనిపించుకుంటాడు. ఆ రాత్రికి తిట్లు తింటాడు కూడా. దీవిలో అన్నీ 'కానీయ్' అనేవే ఉంటాయి. పాట కానీయ్ అంటుంది, మందు కానీయ్ అంటుంది, వెన్నెల కానీయ్ అంటుంది. వద్దు అనడానికి అక్కడ ఉన్నది ఒక్కడే, పక్కన నడిచొచ్చిన వాడు. వాడూ 'కానీయ్' అనేస్తే ఇక ఎవరూ లేరు.

అందుకే ఇంట్లో ఒప్పుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులకి ఒక మాట. పూర్తిగా వద్దనడం వల్ల లాభం లేదు. చెప్పకుండా వెళతారు. చెప్పకుండా వెళ్లినవాడు ఆపదలో కూడా చెప్పడు. అబ్బాయైనా, అమ్మాయైనా, వాళ్ల వెంట వెళ్లే స్నేహితుల్ని ఒకసారి భోజనానికి పిలవండి. నెంబరు తీసుకోండి. "మా వాడు మాట వినకపోతే గట్టిగా చెప్పు బాబూ, మేమేమీ అనుకోం" అనండి. ఆ ఒక్క మాటతో పక్కవాడికి వద్దనే హక్కు ఇచ్చినట్టవుతుంది.

మునిగిపోయే ఒడ్డు

ఈ ప్రయాణానికి తొందర కూడా ఉంది. బొరాకాయ్ ఆరు నెలలు మూసి తెరిచారు. మాయా తీరం మూడేళ్లు దాటాక తెరిచారు. గోదావరి ఒడ్డు అలా కాదు. పోలవరం జలాశయం పూర్తిగా నిండే మట్టం 45.72 మీటర్లు. ఆ నీటి కింద పోయే ఊళ్ల కోసమే 2014లో ఖమ్మం జిల్లాలోని మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం, బూర్గంపాడు ఊరు తెలంగాణలో ఉండిపోయాయి. బూర్గంపాడు మండలంలోవే కొన్ని గ్రామాలు అటు వెళ్లాయి. నిన్నటిదాకా ఒక మండలంలో ఉన్న బంధువులు తెల్లారేసరికి వేరే రాష్ట్రం వాళ్లయ్యారు. 2021లో కాఫర్ డ్యామ్ కట్టి, నదిని స్పిల్‌వే వైపు మళ్లించాక వరద ఎగదన్నడం ఎక్కువైంది. దేవీపట్నం లాంటి ఊళ్లు నీళ్ల పాలయ్యాయి. జనం పునరావాస కాలనీలకి చేరారు.

టూరిస్టుకి ఒక తిన్నె పోతే ఇంకో తిన్నె దొరుకుతుంది. గోవా ఉంది, అండమాన్ ఉంది, కో ఫంగన్ ఉంది. ఆ ఒడ్డున వెదురు పువ్వులు అమ్మే మనిషికి ఇంకో ఒడ్డు లేదు. అడవి నుంచి కాలనీకి వెళితే వెదురు కొనుక్కోవాలి. నది లేదు, పోడు లేదు, జీలుగు చెట్టు లేదు. వీపున సంచీ వేసుకుని తిరగడం మనకి రెండు రోజుల సరదా. వాళ్లకి మూటాముల్లె సర్దుకోవడం బతుకంతా మోసే బరువు.

అలాంటి ఒడ్డున దిగేవాళ్లు కాస్త మెల్లగా అడుగెయ్యాలి. సీసాలు పగలగొట్టి ఇసుకలో పూడ్చి వస్తే, రేపు ఆ ఇసుకలో పరుగెత్తేది ఆ ఊరి పిల్లలు. చెప్పుల్లేని కాళ్లతో.

బయల్దేరే ముందు...

* విహార పడవలు ఎక్కువగా వరద తగ్గాక, నవంబరు నుంచి వేసవి దాకా నడుస్తాయి. నీటిమట్టం పెరిగితే ఆపేస్తారు. రాత్రి బసకి అనుమతి ఉందో లేదో భద్రాచలంలోనే కనుక్కోవాలి. 'చూసుకుందాంలే' అని పోచవరం దాకా వెళ్లొద్దు.

* టికెట్, అనుమతి లేని పడవ ఎంత చౌకైనా ఎక్కొద్దు. ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకుని, బకిల్ పెట్టుకుని, దిగాకే విప్పాలి.

* సంచీలో టార్చి, పది మీటర్ల నైలాన్ తాడు, విజిల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం మాత్రలు, దోమల మందు ఉంచుకోవాలి. ఈ అడవుల్లో మలేరియా ఉంది. తిరిగొచ్చాక ఎప్పుడు చలిజ్వరం వచ్చినా రక్తపరీక్ష చేయించుకోవాలి. డాక్టరుకి ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పాలి.

* సిగ్నల్ పోకముందే ఇంటికి ఫోన్ చేసి, ఏ పడవ, ఎక్కడ బస, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తారో చెప్పాలి. చెప్పిన టైముకి చేయాలి.

* మనుషుల ఫోటో తీసేముందు అడగాలి. వెదురు పువ్వు బేరం లేకుండా కొనాలి. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ కవర్లు తిరిగి సంచీలోనే తేవాలి. వెళ్లేటప్పుడు మోసినవాళ్లకి వచ్చేటప్పుడు ఖాళీవి బరువా!

* ఇద్దరూ బయల్దేరే ముందు ఒక ఒప్పందం చేసుకోవాలి. ఒకడు 'వద్దు' అంటే రెండోవాడు ఆ రాత్రికి వాదించకూడదు. కావాలంటే ఇంటికొచ్చాక తీరిగ్గా పోట్లాడుకోవచ్చు.